సర్దుడు పాట

ఆ ఉదయం పాటల టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తనిఖీకి ఆఫీసర్ వస్తారు, పిల్లలు వాన పాట పాడతారు, ఆయన టీ తాగి సంతకం పెట్టి వెళ్తారు. ఆ సంతకం పడకపోతే వచ్చే నెల నుంచి బళ్లో పాటల గంట ఉండదు, దానితోపాటు టీచరూ ఉండదు.

ఆఫీసర్ వచ్చారు. మూడేళ్ల పిల్లలు పన్నెండు మందినీ కళ్లజోడు మీదుగా చూసి, ఒకరిద్దరిని పేర్లడిగి, కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పి పక్కన పెట్టి, ఫైలు తెరిచారు.

"పాటలతో పిల్లలకేం ఒరుగుతుందమ్మా? ఆ గంటలో నాలుగు అక్షరాలు దిద్దించొచ్చుగా?"

"మాటలొస్తాయండీ. వినడం వస్తుంది, కలిసి పనిచెయ్యడం వస్తుంది..."

"ఆ మూలనున్న పాపని పేరడిగితే బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంది. మరి ఆ పాపకి రాలేదే!"

ఆ పాప చేరి మూడు నెలలైనా బళ్లో ఒక్కసారి కూడా పెదవి విప్పలేదు. టీచర్ గబగబా వెళ్లి హార్మోనియం ముందు కూర్చుంది. కంగారులో వేళ్లు వాన పాట మరిచిపోయి, రోజూ బడి వదిలే ముందు వాయించే సర్దుడు పాట అందుకున్నాయి.

సర్దుడు పాట అంటే ఆ బళ్లో శాసనం. అది మోగినంతసేపూ బయటున్న ప్రతి వస్తువూ తన అరలోకి చేరాల్సిందే. పిల్లలు లేచారు. ఆఫీసర్ పెన్ను రంగు పెన్సిళ్ల డబ్బాలోకి పోయింది. ఫైలు బొమ్మల పుస్తకాల మధ్యకి, కళ్లజోడు డాక్టరాట పెట్టెలోకి చేరాయి.

"ఏయ్, ఏయ్! ఇదేం చోద్యమమ్మా? ఆపండి!"

టీచర్ ఆపింది. పాట సగంలో తెగేసరికి పదకొండు గొంతులు ఒక్కసారిగా బావురుమన్నాయి. మూలనున్న పాప ఒక్కతే గుడ్లప్పగించి చూసింది.

"బాబోయ్, వాయించండి, వాయించండి!" అని ఆఫీసరే చెవులు మూసుకున్నారు.

కళ్లజోడు వెతుక్కుందామని ఆయన లేచారో లేదో, నలుగురు పిల్లలు కలిసి కుర్చీని గోడవారకు చేర్చేశారు. ఎంత కలిసికట్టుగా చేశారంటే చప్పుడే కాలేదు. తడుముకుంటూ వెనక్కి వచ్చి కూర్చోబోయిన ఆఫీసర్ దబ్బున నేలమీద పడ్డారు.

టీచర్ వేళ్లు ఆపుదామంటే మళ్లీ ఏడుపులు. తన ఉద్యోగం కూడా ఏదో ఒక అరలోకి వెళ్లిపోయిందని ఆమెకు అర్థమైపోయింది.

అప్పుడు మూలనున్న పాప లేచి వచ్చింది. నేలమీద మిగిలిపోయిన ఆ ఆఖరి వస్తువు చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి పట్టి లాగి చూసింది. కదలలేదు.

"టీచర్, తాతని ఎక్కడ పెట్టాలి?"

హార్మోనియం ఆగింది. పిల్లలు ఏడవడం కూడా మరిచిపోయి పాపకేసి చూశారు.

"ఈ పాపేగా ఇందాక నోరు విప్పనిది?" అన్నారు ఆఫీసర్, పడిన చోటు నుంచే.

"మూడు నెలలైందండీ... ఇదే మొదటి మాటండీ." టీచర్ కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

ఆఫీసర్ గొంతు సవరించుకున్నారు. "పాప అడుగుతోంది కదమ్మా, జవాబు చెప్పండి."

"బొమ్మల అరలో తల్లీ. ఏనుగు పక్కన."

"మరి వాయించండి, నేను వెళ్లాలిగా."

పాటల గంట కొనసాగాలన్న సంతకం ఏనుగుకీ ఎలుగుబంటికీ మధ్య పడింది, ఎర్ర రంగు పెన్సిలుతో. బూట్లు మాత్రం ఎంత వెతికినా కనబడక ఆఫీసర్ వట్టికాళ్లతోనే వెళ్లారు. అవి ఉండాల్సిన చోటే, చెప్పుల అరలో జతగా ఉన్నాయి గనక, అక్కడ చూడాలని పెద్దవాళ్లెవరికీ తోచలేదు.