తలుపు సందులో కాగితం

శనివారం ఉదయం కాఫీ తాగుతూనే వెండెల్ మిషో ఆ రోజు పని తేల్చేశాడు. చెక్కపొట్టు గుళికలతో మండే పెల్లెట్ పొయ్యి శుభ్రం చేయాలి, పొగ బయటికి రాకుండా దాని తలుపు చుట్టూ ఉండే తాడు గ్యాస్కెట్ మార్చాలి, మధ్యాహ్నానికల్లా చేతులు కడుక్కోవాలి. అమెరికాలో మెయిన్ రాష్ట్రం ఉత్తర కొసన సెప్టెంబరు చివర్లో చలి చెప్పి రాదు.

"ఏటా వచ్చే మనిషి ఉన్నాడుగా," అంది అతని భార్య గ్లెనిస్.

"బూడిద ఊడ్చడానికి మనిషెందుకు? నాకు చేతుల్లేవా?"

"ఉన్నాయి. అదే నా భయం," అంటూ ఆమె చర్చిలో సాయంత్రం విందుకి బీన్స్ వండడానికి వెళ్లిపోయింది.

సగం బూడిద వాక్యూమ్‌లోకి, సగం వెండెల్ మీదికి పోయింది. కళ్లజోడు నల్లబడితే తీసి పక్కన పెట్టాడు. పాత గ్యాస్కెట్ గీకేసి కొత్త తాడు గాడిలో అమర్చాడు. తాడు అంటుకోడానికి సన్నటి గీతలా వేయమని ట్యూబు మీద రాసున్న సిమెంటును, గట్టిగా ఉంటుందని ట్యూబంతా పిండాడు. ఇక మిగిలింది పరీక్ష. తలుపు సందులో కాగితం పెట్టి, మూసి, లాగాలి. సులువుగా వచ్చేస్తే గ్యాస్కెట్ వదులుగా ఉన్నట్టు. ఇది సిమెంటు ఆరాక చేయాలి. కానీ అంత ఓపిక మిషోల వంశంలోనే లేదు. ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం కింద ఉన్న కాగితం చేతికందింది. దాన్ని సందులో పెట్టి తలుపు బిగించేశాడు.

అంతలో బావమరిది రేజాన్ ఫోను చేశాడు. ఇరవై రెండేళ్లు దరఖాస్తులు పెట్టగా పెట్టగా, ఈ ఏడు లాటరీలో వెండెల్‌కి మూస్ దుప్పి వేట పర్మిట్టు తగిలింది. సోమవారమే వేట, తోడు రేజాన్. గుర్రమంత దుప్పిని బండిలోకి ఎలా ఎక్కించాలి, మాంసం ఎవరి ఫ్రీజరులో పెట్టాలి అని ముప్పావుగంట మాట్లాడుకున్నారు.

"పర్మిట్టు జాగ్రత్త బావా! అది లేకపోతే దుప్పికి దండం పెట్టి తిరిగి రావాల్సిందే."

"ఫ్రిజ్ తలుపుకే ఉందిలేరా," అంటూ వెండెల్ అటు చూశాడు. అక్కడ అయస్కాంతం ఒక్కటే ఉంది.

పరుగున వెళ్లి కాగితం పట్టి లాగితే, పర్రున చిరిగి సగం ముక్క చేతికొచ్చింది. దాని మీద ఒక్క అక్షరం లేదు. తలుపు లాగితే కదల్లేదు. సిమెంటు బ్రహ్మాండంగా పట్టేసింది. ఆ సంగతే ఫోనులో మొరపెట్టుకున్నాడు.

"లాగకు బావా, కొత్త గ్యాస్కెట్ పాడైపోతుంది," అన్నాడు ఫోనులో రేజాన్.

"లోపలున్నది పర్మిట్టురా!"

"ఓరి దేవుడా! పగలగొట్టు! ఆగు, నేనే వస్తున్నా!"

పది నిమిషాల్లో రేజాన్ గునపంతో దిగాడు. సరిగ్గా అప్పుడే పొయ్యి లోపల టక్కుమంది. గది చల్లబడితే దానంతటదే వెలిగే పొయ్యి అది. ప్లగ్గు పీకకుండా పని మొదలెట్టిన ఘనుడు వెండెల్.

"బావా, అంటుకుంటోంది!"

వెండెల్ కంగారులో ముందు దీపం ప్లగ్గు పీకాడు, తరవాత టీవీది పీకాడు, మూడోసారికి పొయ్యిది దొరికింది. రేజాన్ గునపం దూర్చి ఒక్క ఊపు ఊపాడు. తలుపు తెరుచుకుంది. కొత్త గ్యాస్కెట్ ఊడి వేలాడింది, అద్దం అడ్డంగా పగిలింది, కాగితం ముక్కకి మాత్రం ఏమీ కాలేదు.

వెండెల్ కళ్లజోడు తుడుచుకుని చదివాడు. "శనివారం మూడు గంటలకు. పొయ్యి శుభ్రం, గ్యాస్కెట్ మార్పు." కింద సర్వీసు మనిషి సంతకం ఉంది.

తల ఎత్తేసరికి చర్చి నుంచి తిరిగొచ్చిన గ్లెనిస్ గుమ్మంలో నిలబడి ఉంది.

"నా పర్మిట్టేదీ?" అన్నాడు వెండెల్.

"బైబిల్లో దాచాను. ఫ్రిజ్ మీదుంటే నువ్వు దాంతో చేతులు తుడుచుకుంటావని."

"మరి ఈ కాగితం?"

"మూడింటికల్లా నువ్వు ఎంతవరకు తెస్తావో నాకు తెలీదా? వారం కిందటే పిలిచాను."

వెండెల్‌కి కోపం రావాల్సింది, కానీ కళ్లనీళ్లొచ్చాయి. పరుగెత్తి బైబిలు తెరిచాడు. పర్మిట్టు మడత నలగకుండా ఉంది. ఇరవై రెండేళ్ల అదృష్టం దక్కింది. అద్దం పోతే పోయింది.

మూడింటికి సర్వీసు మనిషి వచ్చాడు. గునపాన్ని చూశాడు, పొయ్యిని చూశాడు. అద్దం రావడానికి మూడు వారాలు పడుతుందని చెప్పి, తన దగ్గరున్న గ్యాస్కెట్ బిగించాడు. రేపొచ్చి తలుపు పరీక్షిస్తానని, ఓ కాగితం సిద్ధంగా ఉంచమన్నాడు.

గ్లెనిస్ పర్మిట్టుతో సహా బైబిలు చంకన పెట్టుకుని పైగదిలోకి వెళ్లిపోయింది.