మేజర్ పుట్టుమచ్చ

అక్షరాలు రాకముందే ఇంటిల్లిపాదినీ వరసలో నిలబెట్టి చేతులు కడిగించేది కాబట్టి ఆ పిల్లను అందరూ మేజర్ అనే పిలిచేవారు. ఇన్నాళ్లకు సైన్యం వారు కూడా ఆ సంగతి కనిపెట్టి, ఆఫీసర్ల శిక్షణకు రమ్మని రాశారు. సాయంత్రం రైలు. పొద్దున్నే దర్జీ దగ్గర యూనిఫాం, స్టూడియోలో మొన్న దిగిన ఫోటోలు తీసుకుని, ఫారం మీద డాక్టరు సంతకం పెట్టించాలి. "కాఫీ చల్లారేలోగా వచ్చేస్తాం," అన్నాడు తండ్రి, తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని.

యూనిఫాం భుజాన వేసుకుని, స్టూడియోలో ఫోటోల కవరు విప్పగానే ఆయన ప్రాణం రైలు కంటే ముందే బయల్దేరింది. కూతురి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ లేదు! ఫారంలో గుర్తింపు చిహ్నంగా రాసింది అదొక్కటే. పైగా అది మామూలు మచ్చ కాదు. "మా అమ్మకీ సరిగ్గా అక్కడే ఉండేది," అని ఆయన కనపడ్డవాళ్లకు నేరుగానూ, కనపడనివాళ్లకు ఫోన్లోనూ ఏళ్ల తరబడి చెప్పుకొచ్చిన మచ్చ.

"ఏమయ్యా, మా అమ్మ మచ్చ చెరిపేస్తావా?"

"నేనేం ముట్టుకోలేదండీ బాబూ! మొహం ఎలా ఉంటే అలా తీశా."

"ముందు మచ్చ తెచ్చి పెట్టు!"

తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకుని, గోడ మీదున్న పరాయివాళ్ల పెళ్లి ఫోటోను శ్రద్ధగా పరిశీలించసాగారు. ఫోటోగ్రాఫరు భయంకొద్దీ కంప్యూటర్లో ఓ చుక్క పెట్టాడు. "చిన్నదైంది," అన్నాడు తండ్రి. పెంచాడు. "ఇంకాస్త." చివరికి మచ్చకే ఓ అమ్మాయి మొలిచినట్టు వచ్చింది ఫోటో.

డాక్టరమ్మ ఫోటో చూసింది, మొహం చూసింది. "ఇక్కడ శనగగింజంత, అక్కడ ఆవగింజంతానా? కొలిచి రాస్తాను, ఇలా రామ్మా," అని స్పిరిట్ దూదితో చెంప తుడిచింది.

మచ్చ దూదికి వచ్చేసింది.

ఫ్యాను కూడా ఒక్క క్షణం ఆగిందని నర్సు తర్వాత ఊరంతా చెప్పింది.

"అమ్మ మచ్చ!" అన్నాడు తండ్రి, దూది వైపు చెయ్యి చాచి.

"మీ అమ్మదీ కాదు, మా అమ్మదీ కాదు," అంది తల్లి. "బళ్లో వేసిన రోజు మీ పెన్ను కక్కిన సిరా. హెడ్మాస్టరు మచ్చ అని రాసేసుకున్నారు. నేను నోరు తెరిచేలోగా మీరు మా అమ్మకీ అక్కడే అని మొదలెట్టారు. అప్పట్నుంచీ రోజూ దీని చెంపన చుక్క పెట్టి చస్తున్నా. నేను అక్కయ్య వాళ్లింటికెళ్లిన రోజే చూసుకుని, చుక్క మరిచి ఫోటో దిగింది మహాతల్లి!"

"నీకూ తెలుసుటే?"

"అమ్మకి జ్వరమొస్తే నేనే పెట్టుకుంటా నాన్నా," అంది మేజర్.

"మరి మా అమ్మ కూడా చూసి అవునందే!"

"అత్తయ్యగారికి మొహమాటం ఎక్కువ కదండీ."

డాక్టరమ్మ మేజర్‌ను భూతద్దం పెట్టి మరీ వెతికింది. మచ్చ లేదు, మరక లేదు, చిన్నప్పుడు పడ్డ దెబ్బ కూడా లేదు. "ఇస్త్రీ చొక్కాలా ఉంది పిల్ల. గుర్తు లేకుండా సంతకం ఎలా పెట్టను?"

"సంతకం లేకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు డాక్టర్," అంది మేజర్. ఆమె గొంతు వణకడం ఇంట్లోవాళ్లు వినడం అదే మొదలు.

ఆ వణుకు తండ్రికి సోకింది. కళ్లు తేలేసి, భుజాన యూనిఫాంతో సహా వెనక్కి విరుచుకు పడిపోయాడు. మేజర్ ఒక్క గెంతులో ఆయన్ను పట్టుకుంది. హ్యాంగరుకు వేలాడుతున్న బెల్టు బకిల్ వచ్చి ఆమె గడ్డాన్ని పట్టుకుని గాటు పెట్టింది.

డాక్టరమ్మ ఒక కుట్టు వేసి, మచ్చలేని మొదటి ఫోటోనే అంటించి, ఉత్సాహంగా పెన్ను అందుకుంది. "పాత మచ్చ నా సమక్షంలో, నొప్పి లేకుండా తొలగిపోయింది. ప్రస్తుత గుర్తు: గడ్డం మీద గాటు." స్టాంపు పడింది.

బల్ల మీద పడుకోబెట్టిన తండ్రి అప్పుడే కళ్లు తెరిచి, కూతురి గడ్డం వైపు చాలాసేపు చూశాడు.

"మా అమ్మకీ సరిగ్గా అక్కడే ఉండేది," అన్నాడు.