పదకొండుగురి కత్తెర

సకల మానవాళి మాన సంరక్షణార్థము చొక్కాలు కుట్టబడు పుణ్యస్థలమున, సూర్యభగవానుడు పడమటి కిటికీ పగిలిన అద్దానికి అతికించిన పాత కాగితమును దాటి లోనికి రాలేక బయటనే నిలిచిపోయిన బుధవారపు సాయంవేళ, మూడు గదులు, తొమ్మిది మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, పదకొండుగురు సభ్యులు, ఒకే ఒక్క పెద్ద కత్తెర గల సమష్టి కుట్టుశాలలో గోడగడియారము నాలుగున్నర కొట్టెను. కొట్టీకొట్టకమునుపే కాజాలక్క లేచెను.

ఎవరీ కాజాలక్క? ఇరువది ఏండ్లుగా చొక్కాలకు కాజాలు కుట్టుచు, రెప్పపాటున సూదిలో దారమెక్కించు సూక్ష్మదృష్టిసంపన్న, అప్రతిహత అంగుష్ఠబలసమేత. నేడామె భుజముపై ఒక మడత గుడ్డ ఉండెను. రాత్రి కాపలాదారుగా పనిచేసి కాలము చేసిన ఆమె భర్త దళసరి ఉన్నికోటును కుట్లు విప్పగా వచ్చిన గుడ్డ అది. ఆమె కూతురు రేపు ఉదయమే చేపలు నిలువచేయు శీతల గోదాములో కొత్త ఉద్యోగమున చేరవలెను. అచ్చట ఎవరి కోటు వారే తెచ్చుకొనవలెను. రాత్రికి ఇంటి మిషనుపై కుట్టవచ్చును గాని, ఆ మందపు గుడ్డ ముందు ఇంటి కత్తెర ఏపాటిది! కుట్టుశాల పనిముట్లు సొంత పనికి వాడుకొనుటకు సభ్యులకు అనుమతి వారమునకు ఒక్క అరగంట, బుధవారము ఐదింటి గంట మ్రోగువరకు మాత్రమే. ఆ గుడ్డ తప్ప వేరొకటి లేదు. కోత వంకరపోయినచో కూతురు మంచుగదిలో వణకవలసినదే. కాజాలక్కకు నిజముగానే భయమువేసెను.

అయినను ధైర్యము తెచ్చుకొని, మేకునకు వ్రేలాడు ఆ మహాయుధమును చేతబట్టి, గుడ్డ చివర ఒక మూలపై ప్రయోగించెను. కత్తెర గుడ్డను కోయలేదు, నమిలెను.

నమలక ఏమి చేయును? అది అందరిదీ! అట్టపెట్టెలు కోసినవారును, మూటల తాళ్లు తెంచినవారును, బిగిసిన డబ్బామూతలు పెకలించినవారును అది తమదే అనుకొనిరి. సాన పట్టవలసి వచ్చినపుడు మాత్రము పక్కవానిది అనుకొనిరి.

"తాతా, దీనికి పదును చచ్చిపోయింది. సానరాయి ఇక్కడే ఉందిగా, రెండు నిమిషాల్లో పట్టేసుకుంటాను" అని ఆమె అనెను.

ఆ తాత సామాన్యుడా! పందొమ్మిదేండ్లుగా కుట్టుశాల అధ్యక్షపీఠమును అలంకరించి, తుమ్మవలెనన్నను సభ పిలుచు నియమపాలనధురంధరుడు. తీర్మానం తాత అని ఆయనకు బిరుదు. ఆయన కళ్లజోడును నుదుటికెక్కించి, మేఘగంభీరస్వరమున ఇట్లనెను.

"ఆగమ్మా! ఉమ్మడి ఆస్తి మీద ఒంటరిగా చెయ్యి వేస్తావా? ఇవాళ నువ్వు సాన పడతావు. రేపు ఇంకొకరు పిడి మారుస్తారు. ఎల్లుండి మరొకరు కత్తెర నాదే అంటారు. లోకంలో దోపిడీ అంతా ఇట్లాగే మొదలైంది!"

"నాకు కత్తెర వద్దు తాతా. పదును చాలు."

"పదును కూడా ఉమ్మడిదే!"

అంతట ఇస్త్రీ బల్ల వెనుకనుండి, ఆవిరిమేఘమధ్యమున ఇస్త్రీ బాబాయి గొంతు వినవచ్చెను. "ఈ శాల మనది కాకముందు, పాత యజమాని ఉన్న రోజుల్లో ఈ కత్తెరలో మొహం చూసుకునేవాళ్లం. అట్లా తళతళలాడేది."

"తళతళలాడేది, కాదన్నానా?" కాలర్లు కుట్టు వదిన మిషను ఆపెను. "నా వేలు దాని కింద పడ్డ రోజు కూడా తళతళలాడుతూనే ఉంది. ఆ మహానుభావుడు కత్తెర తుడిపించి మేకుకు తగిలించాడు, నన్ను కూలి లేకుండా ఇంటికి పంపేశాడు. అది కూడా చెప్పు బాబాయ్!"

బాబాయి ఒక చొక్కా చేతిని రెండుమార్లు ఇస్త్రీ చేసెను. ఇద్దరు చెప్పినదియు నిజమే. కుట్టుశాలకు వచ్చిన చిక్కంతయు అదియే. భర్త పోయి కాజాలక్క నలుబది దినములు మంచము దిగనపుడు, ఆమె వాటా కాజాలను పదిమందియు పంచుకొని కుట్టిరి. వంకరటింకరగా కుట్టిరి, బొత్తాములు దూరక కొన్నవారు తిట్టిరి, అయినను కుట్టిరి. ఆమె కూలిలో ఒక్క రోజైనను తగ్గలేదు. ఆ సంగతి ఆమె మరువలేదు కనుకనే ఇప్పుడు తాతపై కేకలు వేయలేకపోవుచుండెను.

సభ జరిగెను. ఎనిమిది నిమిషములు హరించిపోయెను. "సాన పట్టుట ఏ ఒక్కరి పనీ కాదు, అందరి బాధ్యత" అని తీర్మానము. పదకొండు చేతులు లేచెను. తొందరలో కాజాలక్కయు చేయెత్తెను. చేయెత్తి దింపిన పిదపగాని ఆ వాక్యములోని ప్రమాదము ఆమెకు తెలిసిరాలేదు.

అందరి బాధ్యత గనుక అందరును సాన పట్టవలెను! మనిషికి పది రుద్దులు. అవసరము ఎక్కువ ఉన్నవారికి మొదటి వంతు గనుక కాజాలక్కదే తొలి వంతు. ఆమె పది రుద్దులలో ప్రాణము పెట్టి రుద్దెను. అంచు వెంట్రుకవలె మెరిసెను. అంతలో జేబులు కుట్టు మామయ్య సగర్వముగా వచ్చి, ఎదురు దిశలో పది రుద్దెను. అతని తరువాతివాడు అడ్డముగా రుద్దెను. ఆ వెనుకనున్న ఆమె అసలు ఏ వైపు రుద్దవలెనో అడిగి, జవాబు రాకమునుపే రుద్దెను. పదిమంది చేతిలో పాము చావదందురు. పదునుకు ఆ అదృష్టము లేదు.

"తాతా! నాకు మళ్లీ చివర ఒక వంతు ఇవ్వు" అని కాజాలక్క చేతులు జోడించెను.

"ఒక మనిషికి రెండు వంతులా? అది అసమానత తల్లీ!"

"అయితే నా వంతు కాజాలక్కకిస్తున్నా." వరుసలో కట్టకడపట నిలుచున్న కాలర్ల వదిన నడుముపై చేయి వేసికొనెను. "ఉన్నది పంచుకోవడం తప్పా తాతా? నువ్వే కదా రోజూ చెప్పేది?"

పందొమ్మిదేండ్ల వాక్పటిమ గల తాత కళ్లజోడును నుదుటినుండి ముక్కుపైకి దింపి, పక్కకు జరిగి దారి ఇచ్చెను.

కాజాలక్క కడపటి పది రుద్దులు రుద్దెను. కత్తెరకు ప్రాణము వచ్చెను. ఐదింటికి ఏడు నిమిషములు. ఆమె గుడ్డను బల్లపై పరచి, నిన్ననే గీసియుంచిన సుద్దగీతపై కత్తెర ఆనించెను. ఏండ్లతరబడి ఒకే భుజములను కప్పి బిగుసుకొనిపోయిన ఆ ఉన్ని ఒక పక్క నొక్కిన మరొక పక్క లేచుచు, కత్తెర ముందుకు సాగినకొలది జారిపోవుచుండెను. రెండు చేతులుగల ఒంటరి మనిషికి అది లొంగునది కాదు.

ఎవరును పిలువలేదు, సభ జరుగలేదు. మొదట వదిన ఒక అంచు పట్టుకొనెను. పిమ్మట జేబుల మామయ్య, ఆ పిమ్మట ఇస్త్రీపెట్టె దింపి బాబాయి, వారి వెనుక తక్కినవారు, చివరకు తాత! చోటు చాలనివారు పట్టుకొన్నవారి మోచేతులను అదిమి పట్టిరి. వీపు తెగెను. ముందు రెక్కలు తెగెను. కుడి చేయి తెగెను. ఎడమ చేయికి ఇంక జానెడు గీత మిగిలియుండగా ఐదింటి గంట గణగణ మ్రోగెను.

గంట మ్రోగిన క్షణమున పనిముట్లు మేకునకు చేరవలెను. ఆ నియమము వ్రాసినది తాతయే. కత్తెర ఆగెను. అందరును తాతవంక చూచిరి. తాత తన పిడికిటిలోని కోటు చేయివంక చూచెను. ఆయన గొంతు మునుపటివలె ఉరుమలేదు.

"ఈ జానెడు అయ్యేదాకా గంట మోగనట్టే భావించాలని నేను ప్రతిపాదిస్తున్నాను. ఒప్పుకునేవాళ్లు చేతులు..."

"ఎత్తకండి!" కాజాలక్క కేక పెట్టెను. "దండం పెడతా, ఒక్కరు కూడా ఎత్తకండి! గుడ్డ జారిపోతుంది!"

అలవాటుచొప్పున లేవబోయిన చేతులు లేవక నిలిచెను. పందొమ్మిదేండ్ల కుట్టుశాల చరిత్రలో ఒక్క చేయియు లేవకయే ఒక తీర్మానము నెగ్గెను. సుద్దగీత వెంబడి, వెంట్రుకవాసి పక్కకు పోక, జానెడు ఉన్నిగుడ్డ కరకరమని తెగెను. జయము! దిగ్విజయము!

"ఏకగ్రీవం" అని తాత మెల్లగా ప్రకటించెను, గుడ్డను ఇంకను గట్టిగా పట్టుకొనియే.