టోరెస్‌కే మీ ఓటు

మావాడు పుట్టి ఇరవై రోజులైంది. పేరు మాత్రం ఇంకా పుట్టలేదు.

స్పెయిన్ ఫుట్‌బాలర్ ఫెర్నాండో టోరెస్ అంటే నాకు ప్రాణం. అందుకని వాడికి ఫెర్నాండో అని పెట్టాలని నా కోరిక. తన తండ్రి పేరు దేవరాజు అని పెట్టాలని మా ఆవిడ షర్మిల పంతం.

"రిటైరై నాలుగేళ్లయిన మనిషి ఎవరికి గుర్తుంటాడండీ?" అంది.

"మీ నాన్న రిటైరై పదేళ్లయిందిగా?"

ఆ రోజు టీ నేనే పెట్టుకున్నాను. గిన్నెలు కూడా నేనే తోమాను.

"అయినా స్పెయిన్‌కి ఎక్కువ గోల్స్ కొట్టింది విల్లా. మీ టోరెస్ కాదు" అంది సాయంత్రం. షర్మిల షార్జాలో నర్సు. తన వార్డు నర్సుల్లో సగం మంది ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న మలయాళీలు. ఫుట్‌బాల్ తనకి నాకన్నా బాగా తెలుసని పెళ్లయ్యాక గానీ తెలియలేదు.

"గోల్స్ వేరు, అభిమానం వేరు. జనాన్నే అడుగుదాం!"

"సరే. మీ ఫ్రెండ్స్‌నీ మా నర్సుల్నీ కలిపి వాట్సాప్‌లో ఓటింగ్ పెట్టండి. టోరెస్, విల్లా, రౌల్. టోరెస్ గెలిస్తే ఫెర్నాండో. ఓడితే దేవరాజు."

ప్రజాస్వామ్యాన్ని జనానికే వదిలేసేంత అమాయకుణ్ణి కాను. ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పనిచేసే గ్యారేజీలో పదిమంది మెకానిక్‌లకి తలా రెండు షవర్మాలు తినిపించి, గ్రూపులో చేర్చాను. వాళ్ల నాయకుడు కడప జిలానీ బాషా. మేం ముద్దుగా గ్రీజు బాషా అంటాం.

గంటలో ఫోన్ చేశాడు. "నొక్కేసినాం జోషువన్నా! పదిమందిమీ విల్లాకే!"

"విల్లాకా? టోరెస్‌కని చెప్పానుగా!"

"ఆ టోరెస్ ఏందో మాకేం తెలుసన్నా? విల్లా వస్తాదంటే ఎవరైనా ఇడుస్తారా? లక్కీ డ్రా ఎప్పుడు తీస్తారు? స్విమ్మింగ్ పూల్ ఉంటాదా?"

నా షవర్మాలు, నా కొడుకు పేరు కలిసి మునిగాయనుకున్నాను. అంతలో నర్సుల ఓట్లు మొదలయ్యాయి. రౌల్‌కి రెండు. విల్లా పది దగ్గరే ఆగిపోయాడు. టోరెస్‌కి నలభై మూడు!

సోఫా మీదెక్కి గంతులేశాను. అప్పుడు ఓట్ల కింద రాసినవి చదివాను.

"ఆ జుట్టు చాలు!"

"మొహం మీద ఆ మచ్చలే అందం."

"అసలు ఆట ఎవరు చూశారే?"

"నలభై మూడోది నాదే" అంది షర్మిల. "హాస్టల్లో మూడేళ్లు ఆయన ఫోటో నా తలగడ కిందే ఉండేది."

తర్వాత పిల్లాణ్ణి ఎత్తుకుని, "నా ఫెర్నాండో! నా అందగాడా!" అని ముద్దులు కురిపించింది. ఈ ఇంట్లో జోషువా అన్న నా పేరు ఎప్పుడూ అంత తియ్యగా వినబడలేదు. ఇక జన్మంతా ఇదే వినాలన్నమాట.

"షర్మీ... దేవరాజు కూడా గంభీరమైన పేరే కదా."

"అదేంటండీ? గెలిచారుగా!"

"ఖలాస్. దేవరాజే."

సరేనని నిట్టూర్చి, బర్త్ సర్టిఫికెట్ ఫారం నా చేతికిచ్చింది. పేరు దగ్గర దేవరాజు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

"ఎప్పుడు నింపావే ఇది?"

"మీరు జనాన్ని అడుగుదామన్న రోజే. సంతకం ఇక్కడ."