కాలేయం దాటాక చెక్‌పోస్టు

నూకరత్నం కాలేయం నుంచి గుండెకు వెళ్ళే రక్తనాళంలో, కాలేయం దాటగానే, ప్రభుత్వం ఒక చెక్‌పోస్టు తెరిచింది. ఒక ఇన్‌స్పెక్టరు, ఇద్దరు గార్డులు, ఊడ్చడానికి ఒక మనిషి. నాళానికి అడ్డంగా ఎరుపు తెలుపు పట్టీల గేటు, పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో కుర్చీ. కుర్చీ ఒకటే రావడం మీద మొదట్లో కొంత రగడ జరిగింది కానీ అది శాఖాపరమైన విషయం, నూకరత్నానికి సంబంధం లేదు.

ప్రారంభోత్సవం నాడు ఆమె ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉంది. కుడి డొక్కలో ఠప్పుమంది. ఉలిక్కిపడింది.

"ఏటండీ, లోపల ఏటో పగిలినాది."

"కొబ్బరికాయిలే. ముహూర్తం అయినట్టున్నాది" అన్నాడు భర్త సన్యాసిరావు, స్టూలు మీద కూర్చుని బత్తాయి వలుస్తూ. వార్డులో ఇంకో ఇద్దరికి అప్పటికే చెక్‌పోస్టులు ఉన్నాయి. వాళ్ళు తల తిప్పి కూడా చూడలేదు.

నూకరత్నం బెల్లం మార్కెట్టు వెనక వీధిలో జాకెట్లు కుట్టే మనిషి. కోపం వస్తే వీధి చివరికి వినపడేది, ఏడుపు వస్తే వీధంతా వచ్చి చేరేది. ఎవరి పెళ్ళిలో అప్పగింతలైనా పెళ్ళికూతురి కంటే ముందు ఈవిడే ఏడ్చేది. అలాంటి మనిషి కాలేయం మీద కణితి వచ్చింది. దానికి మందు ఉంది, ఎర్రటి మందు. చిక్కల్లా ఎక్కడంటే, కణితి తాగినంత తాగి వదిలేసిన మందు తిన్నగా గుండెకు పోతుంది. గుండెకు ఆ మందు పడదు.

"మడికి నీళ్ళు పెడితే మిగిలినవి కాలవలో పడతాయి కదమ్మా, అలాగే" అని డాక్టర్ హేమనళిని విడమరిచి చెప్పింది. "కణితి చచ్చేంత మందు పోస్తే గుండె ఆగిపోవచ్చు. గుండె ఓర్చుకునేంత పోస్తే కణితి బతికిపోతుంది. అందుకని మధ్యలో చెక్‌పోస్టు. మిగిలిన మందును వాళ్ళు అక్కడే పట్టేసుకుంటారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అనుకుంటున్న మనిషికి మధ్యలో ఒక అరుగు దొరికినట్టయింది. నూకరత్నం ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయింది.

మొదటిసారి మందు ఎక్కించిన రోజే ఒక పొరపాటు జరిగింది. నర్సు సరిగ్గా పదకొండింటికి చుక్కలు వదిలింది. పదకొండంటే చెక్‌పోస్టు వాళ్ళ టీ టైము. గేటు పైకెత్తి, నలుగురూ షెడ్డు వెనక్కి పోయారు. ఎర్రమందు ఎవరూ అడగని లారీలాగా గుండె వైపు సాగిపోయింది. నూకరత్నానికి గుండె దడదడలాడింది, పెదవులు నల్లబడ్డాయి. సన్యాసిరావు భార్య పక్కటెముకల దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"ఓ ఇన్‌స్పెక్టరు బాబూ! మీకు పున్నెం ఉంటాది! గేటెయ్యండి బాబూ!"

ఇన్‌స్పెక్టరు గంగాధరం తాగుతున్న గ్లాసు పారేసి పరిగెత్తుకొచ్చాడు. గేటు పడింది. నూకరత్నం కడుపులో ఎక్కడో వేడి టీ ఒలికి చురుక్కుమంది. ఆ చురుకు తెలియగానే తను బతికి ఉన్నట్టు ఆమెకు అర్థమై, మంచం అదిరేలా ఏడ్చింది. ఆ రోజుల్లో ఆమె ఇంకా అలాగే ఏడ్చేది.

ఆ తర్వాత పదకొండింటికి మందు ముట్టుకోవద్దని మంచం దగ్గర రాసి పెట్టారు. నూకరత్నం కూడా తనవంతు మర్యాద మొదలుపెట్టింది. సరిగ్గా ఆ వేళకు అల్లం దంచి వేసిన టీ ఒక గ్లాసు ఎక్కువే తాగేది, లోపల నలుగురికీ సరిపోవాలని. గంగాధరం మొహమాటపడేవాడు. "ఎందుకండమ్మా మీకు శ్రమ" అనేవాడు. వేళ తప్పితే మాత్రం గేటు గొళ్ళెం రెండుసార్లు చప్పుడు చేసేవాడు.

చికిత్స సాగినంత కాలం ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని ఉన్నది చెల్లెలు పైడితల్లి. సముద్రం వైపు జీడితోటలో ఇల్లు, మొగుణ్ణి అక్కడే వదిలేసి వచ్చింది. అప్పకి చప్పిడి కూడు పెడుతున్నారని తనూ చప్పిడే తింది. "నీకేటే రోగం, నువ్వు ఉప్పేసుకో" అని నూకరత్నం తిడితే, "నువ్వు తిన్ననాడు తింటానులే" అనేది.

కణితి కరిగింది. గుండె నిక్షేపంగా ఉంది. డాక్టర్ హేమనళిని స్టెతస్కోపు తీసి, "ఇంక చెక్‌పోస్టు ఎత్తించేద్దామా?" అని అడిగింది. ఆ పూటే అవుననాల్సింది. కానీ అంతకు ముందే గంగాధరం లోపలి నుంచి నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. ఇక్కడి నుంచి తీసేస్తే తనని ఎక్కడో ఎవరిదో మూత్రపిండంలో వేస్తారట. అక్కడ గాలీ వెలుతురూ ఉండదట. పాప ఈ ఏడే బళ్ళో చేరిందట.

మనకోసం టీ పారేసి పరిగెత్తిన మనిషిని, పని అయిపోయింది కాబట్టి పొమ్మనడానికి నూకరత్నానికి నోరు రాలేదు.

"ఉండనివ్వండి డాక్టరమ్మా. ఆల్లు తినేదేటి, ఒక గలాసుడు టీ కాదేటి" అంది. డాక్టరు వాదించలేదు. ఏ చెక్‌పోస్టూ ఒకసారి పెట్టాక ఎత్తేసిన దాఖలా లేదని ఆమెకూ తెలుసు.

అయితే చెక్‌పోస్టు అన్నాక నెలనెలా ఎంతో కొంత పట్టుబడాలి. పట్టుబడకపోతే పైనుంచి సంజాయిషీ అడుగుతారు. మందు రావడం ఆగిపోయింది. గంగాధరం ఉత్తర్వు తెప్పించి చదివాడు. గుండెకు అవసరమైన దానికంటే మించి పోయేదాన్ని ఆపవలెను అని ఉంది కానీ, మందు అన్న మాట అందులో ఎక్కడా లేదు.

మొదట కోపం పట్టుబడింది. ఒకావిడ పెళ్ళి జాకెట్టు చెడగొట్టావని ఇంటి మీదికొచ్చి నానా మాటలూ అంది. నూకరత్నానికి అలవాటు ప్రకారం కడుపులో మంట లేచింది. లేచి, పక్కటెముకల కింద దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. ఆమె కాసేపు ఎదురుచూసింది. ఏమీ రాలేదు. "ఇప్పి కుట్టిస్తానులెండమ్మా" అంది. సన్యాసిరావు ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట వినలేదు. సాయంత్రం అతనే వెళ్ళి చెక్‌పోస్టు పేరున పావుకిలో జీళ్ళు తెచ్చాడు.

తర్వాత బెంగ పట్టుబడింది. ఆ తర్వాత జాలి. ఎక్కడో బడి పైకప్పు కూలిందని టీవీలో చూపిస్తుంటే నూకరత్నం చేపల పులుసు కలుపుకుని తిన్నది, ముద్ద ఎక్కడా అడ్డం పడలేదు. ప్రాణం ఎంత హాయిగా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ ఏడుపులన్నీ మోసి ఏం బావుకున్నాను అనుకుంది.

ఒక మధ్యాహ్నం పైడితల్లి వచ్చింది. గుమ్మంలోనే కూలబడింది. తోట మీదుగా ఫ్యాక్టరీ రోడ్డు పోతుందట. జీడిచెట్లు పడగొట్టారు, ఇల్లు పడగొట్టారు. మొగుడు ఆ మట్టిలోనే కూర్చుని లేవనంటున్నాడు.

"గుడ్డలు తీసుకోనివ్వలేదే అప్పా! వండిన కూడు కుండలోనే ఉండిపోనాది!"

నూకరత్నం చెల్లెల్ని పొదివి పట్టుకుంది. కడుపులో ఏడుపు పుట్టింది. అది పైకి లేచింది. గేటు పడిన చప్పుడు స్పష్టంగా వినపడింది. పైడితల్లి ఏడుస్తూ ఏడుస్తూ అప్ప ఎదమీద చెవి ఆన్చింది. ఆన్చి, ఏడుపు ఆపేసి, తలెత్తి చూసింది.

"నీ గుండె ఎంత నిదానంగా కొట్టుకుంతున్నాదే అప్పా."

నూకరత్నానికి సిగ్గు కూడా రావలసినంతే వచ్చింది. తల వంచి మెల్లగా అంది, "గంగాధరం బాబూ, ఇది నా చెల్లెలు. చప్పిడి కూడు తిన్నాది నాకోసం. ఈ ఒక్కసారికి ఒగ్గీండి బాబూ."

"మీరు అడగడం, నేను కాదనడం బాగోదమ్మా" అన్నాడు గంగాధరం నిజంగానే నొచ్చుకుంటూ. "కానీ ఇది పరిమితికి చాలా ఎక్కువుంది. మీవాళ్ళకని వదిలితే రేపు అందరూ మీవాళ్ళే అవుతారు." అయినా మంచివాడు కాబట్టి ఉన్నంతలో సర్దాడు. నూకరత్నం ఎడమ కంట్లో ఒక చుక్క నిలిచింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆసుపత్రికి వెళ్ళింది, చెక్‌పోస్టు తీయించేసుకుందామని. వరండా నిండా జనం. ఎవరికీ కణితి లేదు, అందరూ చెక్‌పోస్టు పెట్టించుకోవడానికి వచ్చారు. బళ్ళో మాస్టర్లు, పోలీసులు, పేపరు చదివే అలవాటున్న ముసలాళ్ళు. డాక్టర్ హేమనళిని తీసేస్తానంది కానీ ఒక సంగతి చెప్పింది. "ఎత్తేసేటప్పుడు షెడ్డులో ఉన్న సరుకంతా ఒక్కసారే వదిలేయాలి, అది రూలు. మందైతే వాళ్ళు ఎప్పటికప్పుడు పంపించేశారు. ఇది పంపించడానికి చోటు లేదమ్మా, మీలోనే ఉంది. మీ గుండె ఓర్చుకుంటుందో లేదో నేను చెప్పలేను."

మందు నుంచి కాపాడుకున్న గుండెను చేజేతులా ఎలా పాడుచేసుకుంటుంది? ఆలోచించి చెబుతానని ఇంటికి వచ్చేసింది.

వచ్చి, వేళయిందని అల్లం టీ తాగింది. ఎదురుగా పైడితల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, నిన్నటి చీరతోనే. లోపల గ్లాసుల చప్పుడైంది. గేటు పైకి లేచింది. ఉన్నట్టుండి నూకరత్నం గొంతు చీల్చుకుని ఒక కేక వచ్చింది. "ఓలమ్మో, నా చెల్లీ! కూడు కుండలో ఒగ్గీసి వచ్చినావా తల్లీ!" అంటూ చెల్లెలి మీద పడిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వీధిలో వాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి గేటు పడింది. నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"అయిందామ్మా?" అన్నాడు గంగాధరం, మూతి తుడుచుకుంటూ.

"అయింది బాబూ."

ఎంత తేలిక పడిందో! ఇక తీయించుకోవలసిన పనే లేదు. మిగతా రోజంతా హాయి, టీ వేళకు ఏడుపు. పైడితల్లి కూడా చూసి చూసి ఉచిత శిబిరంలో పెట్టించుకుంది. ఏడాది తిరిగేసరికి వీధిలో అందరికీ ఉంది. అన్ని చెక్‌పోస్టులకూ టీ టైము ఒకటే కనుక పదకొండింటికి వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చి, ఎవరిది వాళ్ళు, కొందరు పక్కవాళ్ళది కూడా, ఏడ్చుకుని లోపలికి పోయేవారు.

ఫ్యాక్టరీ రోడ్డు ఆ వేసవిలో బెల్లం మార్కెట్టు దాకా వచ్చింది. ఇళ్ళు పడగొట్టే యంత్రం పొద్దున్నే వచ్చి వీధి మొదట్లో ఆగింది కానీ పని మొదలుపెట్టలేదు. వెంట వచ్చిన ఆఫీసరు నీడలో కుర్చీ వేయించుకుని వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. పదకొండయింది. అరుగుల మీద ఏడుపులు లేచాయి. నూకరత్నం ఇంటి గోడను రెండు చేతులా పట్టుకుని, పైడితల్లి అప్పను పట్టుకుని, గుండెలవిసేలా ఏడ్చారు. ఒకరిద్దరు మగవాళ్ళు రాళ్ళు కూడా అందుకున్నారు. ఆఫీసరు కదల్లేదు.

కాసేపటికి వీధి పొడుగునా గేట్లు పడ్డాయి. రాళ్ళు అందుకున్నవాళ్ళు వాటిని పక్కన పెట్టారు. ఆఫీసరు లేచి, చొక్కా సర్దుకుని, నూకరత్నం గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అయిందామ్మా?" అన్నాడు మర్యాదగా.

"అయింది బాబూ, కానివ్వండి" అంది నూకరత్నం.

పైడితల్లి ఒక కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి కుట్టుమిషను రోడ్డు మీదికి తెచ్చి పెట్టి, యంత్రానికి దారిస్తూ పక్కకు జరిగారు. నూకరత్నం ఎదమీద చెయ్యి వేసి చూసుకుంది. గుండె నిదానంగా, చక్కగా కొట్టుకుంటోంది.