సగం నికొటిన్ సాక్ష్యం

సోమవారం పొద్దున హెన్రీ స్నానానికి వెళ్ళగానే దోర్కా చేయదలచుకున్న పని చాలా చిన్నది. ఫ్రిజ్ మీదున్న మొగుడి సిగరెట్ పెట్టెను ఖాళీ చేయాలి, తమ్ముడు పీటర్ తెచ్చిన సిగరెట్లతో నింపాలి, ఏమీ ఎరగనట్టు ఇడ్లీలు పెట్టాలి. అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

హెన్రీ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. అంతకంటే గొప్ప సంగతి, అక్కడి చర్చి కాయర్‌లో అంత నిండైన గొంతు ఇంకెవరికీ లేదు. వచ్చే ఆదివారం సంఘం వార్షికోత్సవంలో పాట అతనే పాడాలి. దాని చివర ఊపిరి తిప్పుకోకుండా లాగాల్సిన పొడుగాటి రాగం ఒకటుంది. ఈమధ్య ప్రాక్టీసులో ఆ రాగం సగానికి రాగానే దగ్గు అందుకుంటోంది. కాయర్‌లోనే పాడే నర్సు రెబెక్కా, "అన్నా, సిగరెట్టన్న బంద్ చెయ్యి, పాటన్న బంద్ చెయ్యి" అని మొహం మీదే చెప్పింది. హెన్రీ గొంతు విని మనసు పారేసుకుని అతన్ని పెళ్ళాడిన దోర్కాకు అప్పటినుంచీ ముద్ద దిగడంలేదు.

పీటరే ఉపాయం చెప్పాడు. "అక్కా, ఇవి బయటి దేశంవి. నికొటిన్ సగమే ఉంటది. సూసెతందుకు సేమ్ టు సేమ్. బావకు తెల్వనే తెల్వది."

"అస్సలే లేనివి దొరకలేదారా?"

"ఒక్కసారే గట్ల చేస్తె బావ ఇల్లు పీకి పందిరేస్తడు. మెల్లగ దింపుదాం."

ఆ రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ తాగి సిగరెట్ ముట్టించిన హెన్రీకి ఏదో వెలితిగా అనిపించింది. ఇంకోటి ముట్టించాడు. బుగ్గలు లోపలికి పోయేలా గుంజాడు. సాయంత్రానికి పెట్టె ఖాళీ అయింది. కొత్త పెట్టె కొనుక్కుని ఇంటికొస్తే, తెల్లారేసరికి దోర్కా దాన్నీ మార్చేసింది. పెట్టెలు అంత తొందరగా ఖాళీ అవుతుంటే, రుచి నచ్చక విసిరి పారేస్తున్నాడనుకుని ఆమె మురిసిపోయింది. పీటర్‌కు ఫోన్ చేసి ఇంకొన్ని తెమ్మంది.

హెన్రీకి మాత్రం భయం పట్టుకుంది. నాలుక చచ్చిపోయిందేమోనని ఆవకాయ నాకి చూశాడు. మంట బాగానే తెలిసింది. మరి రోగం ఎక్కడున్నట్టు?

గురువారం వాళ్ళింట్లోనే ప్రార్థన కూడిక. పాస్టరు గారు అందరినీ ప్రార్థన అవసరాలు అడుగుతుంటే హెన్రీ సిగ్గు విడిచి చెయ్యెత్తాడు.

"అయ్యగారూ, నా కోసం జర ప్రార్థన చేయండ్రి. ఈ వారమంత సిగరెట్ రుచే తెలుస్తలేదు."

 సంఘ పెద్ద కనకరాజు "హల్లెలూయ!" అని ఇల్లు అదిరేలా అరిచాడు. సిగరెట్ తాగేవాడు కాయర్‌లో నిలబడకూడదని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి ఆయన. చప్పట్లు మోగాయి.

"దేవుడు నీ నాలుక మీదికెల్లి ఆ రుచే తీసేసిండు హెన్రీ!" అన్నారు పాస్టరు గారు. "ఆదివారం సంఘం ముంగట నిలబడి ఈ సాక్ష్యం చెప్పాలె."

"గది కాదయ్యగారూ..." అన్న మాట చప్పట్లలో కలిసిపోయింది.

"సాక్ష్యమంటె మస్తు టైం పడతది," అన్నాడు కనకరాజు. "పాట మన విజయ్ కుమార్‌కిద్దాం."

ఆ పాటను ఏళ్ళ తరబడి స్నానాల గదిలో పాడుకుంటున్న విజయ్ కుమార్, తల వంచుకుని "ప్రభువు చిత్తం" అన్నాడు. అద్భుతం పీటర్ సంచిలోంచి వచ్చిందని తెలిసిన దోర్కా మాత్రం చాయ్ పెట్టే నెపంతో వంటింట్లోకి పారిపోయింది.

నిజం చెబితే కాయర్ పోతుంది. చెప్పకపోతే పాట ఎలాగూ పోయింది. ఈ దిగులుతో హెన్రీ ఇంకొన్ని ఎక్కువే తాగాడు.

ఆదివారం మైకు ముందు నిలబడ్డ హెన్రీ గొంతు బొంగురుపోయింది. "అందరికి వందనాలు. రుచి పోయింది నిజమే. కానీ గుడిల నిలబడి అబద్ధం చెప్పలేను. రుచి ఎక్కడన్న దొరుకుతదేమోనని ఇదివరకటి కంటె డబల్ తాగుతున్న."

కనకరాజు లేవబోయాడు. అంతకంటే ముందే ఆడవాళ్ళ వైపు నుంచి దోర్కా లేచింది.

"తప్పు నాది అయ్యగారూ! సగం నికొటిన్‌వి తెప్పించి పెట్టెల పెట్టింది నేనే."

రెబెక్కా నెత్తి కొట్టుకుంది. "అయ్యో వదినా! నికొటిన్ సగమైతె పొగ సగమైతదా? ఒళ్ళు అడిగినంత దొరికెదాక అన్న ఇంకింత గుంజుతడు. పానం తీసేది ఆ పొగనే. రేపు దవాఖానకు తీస్కరా, మానెతందుకు మందులున్నయ్."

చర్చి అంతా గొల్లుమంది. హెన్రీ నవ్వలేదు. "నా పాట కోసం చేసినవా?" అన్నాడు.

"నీ కోసం చేసిన," అంది దోర్కా ఏడుస్తూ. "నీ గొంతు వినవడకుంటె నాకు తెల్లారదు."

హెన్రీ వేదిక దిగొచ్చి, జేబులోని పెట్టె తీసి కానుకల సంచిలో వేశాడు. "ఇంకెవరన్న ఉన్నరా?" అన్నారు పాస్టరు గారు. సంచి మగవాళ్ళ వరసల్లో తిరిగింది. ఎవరూ అనుకోని చేతులు అందులోకి వెళ్ళొచ్చాయి. అన్నిటికంటే చివర, పాటల పుస్తకం చాటు చేసుకుని, విజయ్ కుమార్ రెండు పెట్టెలు వేశాడు.

"ఇగ ఇద్దరు కలిసి పాడండ్రి," అన్నారు పాస్టరు గారు.

పాడారు. రాగం మధ్యలో హెన్రీ ఊపిరి అయిపోయింది. విజయ్ కుమార్ అందుకుని ఇంకాస్త దూరం లాగి, తనూ ఆగిపోయాడు. అప్పుడు దోర్కా గొంతు కలిపింది, ఆమె వెనక చర్చి అంతా కలిపి ఆ రాగాన్ని చివరిదాకా చేర్చింది. హెన్రీ కళ్ళు తుడుచుకున్నాడు.

సంచిలోని సిగరెట్లు బయట పారేసి రమ్మని పంపిన కనకరాజు మాత్రం ఆరాధన ముగిసేదాకా తిరిగి రాలేదు. వాటిలో కొన్ని సగం నికొటిన్‌వి కాబట్టి, కాస్త ఎక్కువ సమయం పట్టి ఉంటుంది.