బుల్లిబాబు లారీకి బైపాస్

ఆ సోమవారం పొద్దున బుల్లిబాబు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగడం, బోరబండ నుంచి హైటెక్ సిటీకి లారీ తీసుకువెళ్లడం, పదింటికి ఇంజనీరు చలపతిరావుకు చూపించడం, మట్టి తోలే కాంట్రాక్టు పట్టుకుని భోజనానికి ఇంటికి రావడం. గుత్తివంకాయ కూర కూడా ఖాయమైపోయింది. ఇక ఖాయం కావలసింది కాంట్రాక్టొక్కటే.

చలపతిరావు ముఖం చూపించకుండా ఫోన్లోనే ఒక షరతు పెట్టాడు. "అద్దాల మేడలు కడుతున్నామండీ. పొగ కక్కే లారీ అయితే గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తాను." రెండు నెలలుగా ఇంటి ముందు ఖాళీగా నిలబడి తుప్పుతో కాపురం చేస్తున్న లారీ అది. ఈ పని తప్పితే దాన్ని అమ్ముకోవడమే.

అందుకే, ఆయిల్ శుభ్రంగా ఉంటే పొగ తగ్గుతుందని, బుల్లిబాబు చందానగర్‌లో మెకానిక్ స్వామి చేత బైపాస్ ఫిల్టరు పెట్టించాడు. ఇంజనుకున్న ఫిల్టరు ఉండగానే, దానికి దూరంగా, లారీ అడుగు చట్రమైన ఛాసిస్‌కు ఇంకో డబ్బా బిగిస్తారు. ఒక గొట్టంలోంచి కాస్త కాస్త ఆయిల్ అందులోకి వెళ్లి, సన్నని మురికి కూడా వదుల్చుకుని, రెండో గొట్టంలోంచి ఇంజనుకు తిరిగొస్తుంది. పుట్టింటికి వెళ్లి మనసు కడుక్కుని అత్తింటికి వచ్చే కోడలి లెక్క.

ఇది డ్రైవర్ ఎల్లేశానికి గుచ్చుకుంది.

"బైపాస్ గుండెకు జేస్తరు గని బండికేంది సార్? నేను ఆయిల్ మారుస్త లేనని అనుమానమా?"

"అనుమానం నీ మీద కాదయ్యా, మురికి మీద."

"మురికంటే నేనే గద!"

అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏ సంగతైనా బుల్లిబాబు భార్య కనకలక్ష్మి మీదుగా నడవాలి. లారీకి స్వామి బిగించింది ఒక బైపాస్. ఇంట్లో మాటలకు అలక బిగించింది రెండో బైపాస్.

స్వామి మంచివాడు. అందుకే జాగ్రత్త అందరికీ చెప్పాడు. "కొత్త డబ్బా, గొట్టాలు కలిసి జర ఆయిల్ తాగుతయి. ఇంజన్ నడిపినంక తక్కువైంది పొయ్యాలె." ఈ ముక్క షెడ్డులో బుల్లిబాబుకు చెప్పాడు, బండి తీసుకెళ్లడానికి వచ్చిన ఎల్లేశానికి చెప్పాడు, ఎందుకైనా మంచిదని కనకలక్ష్మికి ఫోన్లో కూడా చెప్పాడు. ఇవన్నీ చెప్పినవాడు, ఆ తక్కువైంది తానే నింపి పంపానన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

బోరబండలో బుల్లిబాబు ఇంటి ముందు రోడ్డు ఎత్తు. ఏటవాలుగా నిలబడ్డ లారీలో ఆయిల్ వెనక్కి జారి, ఆయిల్ కొలిచే గేజీ కర్ర బయటికి లాగితే కొస మాత్రమే తడిసి, ఎంత పోసినా తక్కువే ఉన్నట్టు కనిపిస్తుంది. తెల్లవారగానే ఎల్లేశం లాగి చూశాడు. సార్ లేచేలోపు తన నిజాయితీ నిరూపించుకోవాలని టిన్నెత్తి పోశాడు. తర్వాత బుల్లిబాబు లాగి చూశాడు. 'అలిగి పొయ్యలేదన్నమాట' అనుకుని తానూ పోశాడు. అడుగుదామంటే మాటల్లేవాయె. చివరికి నిమ్మకాయల దండ, పసుపు కుంకుమలతో కనకలక్ష్మి వచ్చింది. కొత్త వస్తువుకు బొట్టు పెట్టి తలంటకుండా ఎలా పంపుతుంది? టిన్నులో మిగిలిందంతా ఇంజను నెత్తిన పోసింది.

"అతన్ని బండి తీయమను" అన్నాడు బుల్లిబాబు.

"ఎల్లేశం, బండి తీయమంటున్నారు."

"తీస్తున్ననని చెప్పమ్మా" అన్నాడు ఎల్లేశం, సారు పక్క సీట్లోనే కూర్చుని ఉండగా.

బండి దిగువకు దిగి చదును రోడ్డెక్కగానే వెనక అగరొత్తి అంత పొగ లేచింది. రైల్వే స్టేషన్ దగ్గరికొచ్చేసరికి అది తెల్లటి మబ్బయింది. మబ్బులోంచి పిల్లల కేకలు వినిపించాయి.

"దోమల బండి! దోమల బండొచ్చింది!"

గల్లీ మలుపులో నీలమ్మ అనే ఆవిడ చీపురుతో సహా బండికి అడ్డంగా నిలబడింది. "గిటు రాండ్రి సార్! మున్సిపాల్టోళ్లు మా గల్లీనే మర్సిపోయిన్రు!"

"ఇది దోమల బండి కాదమ్మా!"

"గాకపోతే గింత పొగేంది? పెద్దోళ్ల గల్లీలకే కొడ్తరా? మమ్మల్ని దోమలు కుట్టవా?"

చీపురు దిగలేదు. బండి ఆ గల్లీ తిరిగింది. అది చూసి పక్క గల్లీ అలిగితే అదీ తిరిగింది.

ఫిల్టరు ఇంజనులోనే కాదు, తన బతుకులో కూడా పొగ పెట్టిందని బుల్లిబాబుకు అర్థమైంది. మాటలు చేరవేయడానికి కనకలక్ష్మి లేదు కనుక, ముందున్న అద్దంతో అన్నాడు. "ఎవరైనా కాస్త బండి ఆపితే బావుండును."

"ఆపితే మళ్ల స్టార్ట్ గాదని ఎవరన్న చెప్పుండ్రి" అన్నాడు ఎల్లేశం, స్టీరింగుతో.

పదకొండు దాటాక లారీ మబ్బు మోసుకుంటూ హైటెక్ సిటీ గేటు చేరింది. లోపలి నుంచి ఒక బట్టతలాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. బుల్లిబాబు కళ్లు మూసుకున్నాడు.

"వచ్చారా బాబూ!" అన్నాడు చలపతిరావు. "నెలరోజులుగా మున్సిపాలిటీ వాళ్ల కాళ్లావేళ్లా పడుతున్నానండీ! పునాది గుంతల్లో నీళ్లు నిలిచి, కూలీల్లో సగంమంది చలిజ్వరాలతో పడుకున్నారు. ముందా గుంతల దగ్గర కొట్టండి, తర్వాత రేకుల షెడ్లు!"

"అదికాదండీ, నేను మట్టి..."

"మట్టి మాటెత్తకండి! బుల్లిబాబట, పదింటికి లారీ తెస్తానన్నాడు. టైమంటే లెక్కలేని మనిషి! ఆ పని ఇప్పుడే ఇంకొకరికి ఇచ్చేశాను. మీరు మాత్రం రోజూ సాయంత్రం వచ్చి పొగ కొట్టి వెళ్లాలి. నెలకింతని మాట్లాడుకుందాం. ఇంతకీ మీ పేరు?"

బుల్లిబాబు ఎల్లేశం వైపు చూశాడు.

"ఎల్లేశమండీ" అని ఆ పేరే తనకు పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం స్వామి వచ్చి ఇంజను కింద బకెట్టు పెట్టాడు. అది నిండింది. ఇంకోటి పెట్టాడు. "ఎవలు పోసిన్రే గింత? ఎక్కువైన ఆయిలే కాలి పొగైంది!" అన్నాడు. "నేను" అన్నాడు బుల్లిబాబు. "నేను గూడ" అన్నాడు ఎల్లేశం. "నేను పొయ్యలేదు, తలంటానంతే" అంది కనకలక్ష్మి.

సాయంత్రం లారీ కాస్తంత పొగ కూడా లేకుండా పిల్లిలా హైటెక్ సిటీ గేటు ముందు ఆగింది. చలపతిరావు చుట్టూ తిరిగి చూసి, మొహం ముడుచుకున్నాడు.

"బండి పాడైపోయినట్టుంది ఎల్లేశంగారూ. బాగుచేయించుకు రండి. రేపు కూడా ఇలాగే వస్తే ఇంకొకర్ని చూసుకోవాల్సొస్తుంది."

ఇంటికి రాగానే బుల్లిబాబు, అలక మొదలైనాక మొదటిసారి, ఎవరి మీదుగానూ కాకుండా నేరుగా అన్నాడు.

"ఎల్లేశం, టిన్ను తియ్యి."

"ఎంత పొయ్యమంటరు సార్?"

"ముగ్గురం పోసినంత."

ఛాసిస్ మీద బైపాస్ ఫిల్టరు మాత్రం, కాలి పొగైపోయే ఆ ఆయిల్‌ను రోజూ ఎంతో శ్రద్ధగా శుభ్రం చేస్తోంది.